వరద తెచ్చినదంతా ఒండ్రు కాదు

నదీతీరపు నేలల గురించి మన పాఠ్యపుస్తకాలు మొదలుకొని విస్తరణ కరపత్రాల వరకు ఒకే మాట చెబుతాయి: వరద ఏటేటా తెచ్చి పరిచే ఒండ్రు వల్ల ఈ నేలలు సారవంతమైనవి. గోదావరి డెల్టాకు ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని వాగుల ఒడ్డున సేద్యం చేసే రైతుకు మాత్రం ఇది సగం నిజమే. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరు మొదటి వారంలోను వరద తీసిన తరువాత ఇక్కడి అనేక చేలలో కనిపించింది ఒండ్రు కాదు, ఇసుక మేట. ఒండ్రు పడిన చేను మరుసటి పంటకు బలపడుతుంది. ఇసుక మేట వేసిన చేను ఏళ్ల తరబడి కోలుకోకపోవచ్చు. నేలశాస్త్రం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. మన భూసార పరీక్ష, మన వరద సహాయ నియమం మాత్రం వేరుచేయడం లేదు. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యత ముందుగా వ్యవసాయ పరిశోధకులమైన మనదేనని నా అభిప్రాయం.

ఒకే వాన, వేర్వేరు మేటలు

ఉమ్మడి వరంగల్ జిల్లా రెండు నదుల పరీవాహకాలను పంచుకుంటుంది. ఈశాన్యాన ఉన్న వాగులు గోదావరి వైపు పారుతాయి. దక్షిణాన ఉన్న ఆకేరు, మున్నేరు కృష్ణలో కలిసే దారి పడతాయి. ఈశాన్య సరిహద్దు వెంబడి ఏటూరునాగారం, మంగపేట మండలాల్లో గోదావరి ఒడ్డు భూములు మిరపకు పేరుపొందాయి. ఆ ఒడ్డున పేరుకున్న నల్లని సన్నమట్టి చాలా దూరం నుంచి వచ్చినది. గోదావరి ఎగువభాగం మహారాష్ట్రలోని దక్కను నల్లరాతి పీఠభూమి మీదుగా పారుతుంది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి కలిసిన తరువాత నది మోసే మట్టి పరిమాణం, వైవిధ్యం మరింత పెరుగుతాయి. నల్లరాతి నుంచి పుట్టిన బంకమన్ను నీటినీ పోషకాలనూ గట్టిగా పట్టి ఉంచుతుంది. సాధారణంగా పొటాష్ నిల్వ కూడా ఇందులో బాగానే ఉంటుంది.

అదే ప్రాంతంలో పుట్టి పారే వాగుల కథ వేరు. ములుగు, భూపాలపల్లి ప్రాంతాల వాగులు ఇసుకరాతి గుట్టలనూ ఎర్రనేలలనూ కోసుకుంటూ వస్తాయి. ఆకేరు, మున్నేరు ఎగువన ఉన్నవి ఎక్కువగా నల్లసారం రాతి నుంచి ఏర్పడిన దుబ్బ, చెల్క నేలలు. ఇవి కోతకు గురైనప్పుడు వచ్చేది ప్రధానంగా ముతక ఇసుక. పైగా ఈ వాగులు పొట్టివి, వాలు ఎక్కువ. కుండపోత వాన పడితే కొన్ని గంటల్లోనే పొంగి, కొన్ని గంటల్లోనే తీస్తాయి. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఏడాది మొత్తం అక్కడ కురిసే వానలో ఇది దాదాపు సగం. ఆ ఉదయమే మోరంచపల్లి ఊరు మోరంచవాగు నీటిలో మునిగింది. జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. అంత వేగంతో వచ్చిన నీరు సన్నమట్టిని నదిలోకి మోసుకుపోయి, ముతక ఇసుకను చేలలో వదిలిపెట్టింది.

ఇందుకు కారణం తేలికైనదే. నీటి వేగం తగ్గినకొద్దీ మొదట గులక, ముతక ఇసుక, తరువాత సన్న ఇసుక, చివరగా ఒండ్రు రేణువులు, బంకమన్ను కిందికి దిగుతాయి. అందుచేత గట్టు తెగినచోటా వాగు మలుపు వద్దా ఇసుక మేట పడుతుంది. గట్టుకు దూరంగా నీరు నిలిచిన పల్లంలో బంకమన్ను చేరుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు జరిగినట్లు, పెద్దనది నిండుగా ఉండి వాగుల్లోకి ఎగదన్నితే వాగు ముఖద్వారాల వద్ద నీరు రోజుల తరబడి నిలుస్తుంది. అక్కడ మిగిలేది సన్నని ఒండ్రు. అదే ఊళ్లో ఎగువన తెగిన గట్టు పక్కన మిగిలేది ఇసుక. ఒకే సర్వే నంబరులో ఒక మూల ఒండ్రు, మరొక మూల అడుగు లోతు ఇసుక ఉండడం ఇక్కడ అరుదు కాదు.

పొరలే ఈ నేల స్వభావం

చెల్క నేలలోనో నల్లరేగడిలోనో గుంట తవ్వితే పై నుంచి కిందికి మార్పు ఒక క్రమంలో కనిపిస్తుంది. సేంద్రియ కర్బనం పైపొరలో ఎక్కువగా ఉండి లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది. వరదనేల ఆ క్రమానికి లొంగదు. పై నుంచి ఇసుక, దాని కింద ఒండ్రు, మరల ఇసుక, ఆ కింద ఏనాటి పైనేలో నల్లని పొరగా కనిపించవచ్చు. లోతుతోపాటు సేంద్రియ కర్బనం క్రమం తప్పి హెచ్చుతగ్గులుగా ఉండడాన్నే నేలల వర్గీకరణలో ఒండ్రు నేలల గుర్తుగా తీసుకుంటారు. అంటే ఈ నేల సారాన్ని నిర్ణయించేది పైపొర ఒక్కటే కాదు. పొరల వరుస, ఒక్కొక్క పొర మందం.

నీటి విషయంలో ఇది వెంటనే తెలుస్తుంది. ఒక అడుగు మందం గల ముతక ఇసుక మొక్కకు అందించగల నీరు స్థూలంగా 15 నుంచి 25 మిల్లీమీటర్లు. అదే మందం గల ఒండ్రు నేల 50 నుంచి 60 మిల్లీమీటర్లు అందిస్తుంది. పంట రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుంటుందనుకుంటే ఇసుకలోని తడి మూడు నుంచి ఐదు రోజులకు, ఒండ్రులోని తడి పది, పన్నెండు రోజులకు సరిపోతుంది. ఇసుకలో వేసిన యూరియా ఒక్క పెద్దవానకే వేళ్లకు అందకుండా దిగిపోతుంది.

పొరల మధ్య సరిహద్దు తెచ్చే చిక్కు ఇంతకంటే సూక్ష్మమైనది. సన్నమట్టి కింద ఇసుక పొర ఉంటే పైమట్టి దాదాపు పూర్తిగా తడిసి నిండేవరకు నీరు ఇసుకలోకి దిగదు. కాబట్టి కింద ఇసుక ఉన్నా పైన ఊటతడి నిలుస్తుంది. బంకమన్ను మీద ఇసుక పడితే జరిగేది దీనికి విరుద్ధం. నీరు ఇసుకలోంచి వేగంగా దిగి బంకమన్ను మీద నిలిచిపోతుంది. పైన చూస్తే చేను ఎండినట్లుంటుంది, వేళ్లేమో మునిగి ఉంటాయి. పైపొర పొడిని చూసి రైతు మరొక తడి ఇస్తాడు. మిరప వేరుకుళ్లుతో వాలిపోతుంది. తెగులును చూసి మందు చెప్పే మనం ఆ చేనులో ఒక అడుగు లోతు తవ్వి చూడమని చెప్పడం తక్కువ.

మరొక మార్పు కంటికి కనిపించదు. చాలాకాలం నీటమునిగిన నేలలో, బీడుగా మిగిలిన నేలలో వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలు తగ్గిపోతాయి. ఆ తరువాత వేసిన మొక్కజొన్న ఆకులు ఊదారంగుకు తిరిగి, మొక్క గిడసబారుతుంది. నేల పరీక్షలో భాస్వరం చాలినంత ఉన్నట్లు వచ్చినా పైరుకు అందదు. వానాకాలంలో మునిగి యాసంగికి మొక్కజొన్న వేసే చేలకు ఈ హెచ్చరిక అవసరం.

మన కొలతలు చూడనివి

ఈ స్వభావాన్ని మన భూసార పరీక్ష పట్టుకోగలదా? 2015 ఫిబ్రవరి 19న మొదలైన నేల ఆరోగ్య కార్డుల పథకం దేశంలో భూసార పరీక్షను ఇంటింటి మాటగా చేసింది. దాని మేలును తక్కువచేయనవసరం లేదు. అయితే ఆ కార్డులో ఉన్న 12 అంశాలు నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. ఇసుక, ఒండ్రు, బంకమన్ను పాళ్లకు అందులో చోటులేదు. నేల లోతుకూ చోటులేదు. సాధారణంగా నమూనా తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచి. సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒకటి చొప్పున నమూనా తీయడం ఆ పథకపు పద్ధతి. ఆరెకరాల్లో నాలుగు రకాల మేటలున్నచోట ఆ మట్టినంతటినీ కలిపి పరీక్షిస్తే వచ్చే సగటు ఏ మూలకూ చెందదు. అటువంటి కార్డు ఉన్న నేలను కాక లేని నేలను వర్ణిస్తుంది.

వరద సహాయ నియమానిది మరొక లోపం. 2022 నుంచి 2026 వరకు వర్తించే రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి ప్రమాణాల ప్రకారం, సన్న, చిన్నకారు రైతుల పొలంలో ఇసుక లేదా ఒండ్రు మేట మూడు అంగుళాలు మించితే దానిని తొలగించడానికి హెక్టారుకు రూ. 18,000 సహాయం ఇవ్వవచ్చు. ఈ నియమంలో ఇసుకకూ ఒండ్రుకూ మధ్య ఒక గీత మాత్రమే ఉంది. మూడంగుళాలు దాటిన తరువాత నాలుగంగుళాల మేటకూ నాలుగడుగుల మేటకూ సహాయం ఒకటే. ఒండ్రు పడి లాభపడిన చేనూ, ఇసుక పడి పాడైన చేనూ కాగితం మీద సమానమే.

ఆ సొమ్ము ఎంతవరకు వస్తుందో లెక్కవేద్దాం. హెక్టారుకు రూ. 18,000 అంటే ఎకరానికి సుమారు రూ. 7,300. ఎకరం మీద మూడంగుళాల ఇసుక దాదాపు 308 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున నూటికి పైగా ట్రాలీలు. అంటే ఒక్క ట్రాలీకి రూ. 70 పైచిలుకు. మేట ఒక అడుగు ఉంటే ట్రాలీలు 400 దాటుతాయి, ట్రాలీకి దక్కేది రూ. 18. ఈ మొత్తంలోనే ఎత్తిపోయడం, తోలడం, దింపడం, ఆపై చేను చదును చేయడం అన్నీ కావాలి. దింపడానికి చోటు ఎక్కడ అన్నది మరొక ప్రశ్న. పట్టా భూమిలో మేట వేసినా ఇసుక గనుల నిబంధనల పరిధిలోనిదే. అనుమతి లేకుండా అమ్మితే రైతు నేరస్థుడవుతాడు. తన చేను మీద పడిన ఇసుకను తీయడానికి డబ్బులేక, అమ్మడానికి హక్కులేక అతను చూస్తూ ఉండవలసి వస్తుంది. ఇక ఆ చేను కౌలుదారుడు సాగుచేస్తున్నదైతే సహాయం పట్టాదారు పేరున వస్తుంది; ఇసుక మాత్రం కౌలుదారుని పంట మీద ఉంటుంది.

మూడంగుళాల హద్దు కూడా శాస్త్రదృష్టితో నిలవదు. బంకమన్ను నూటికి 40 పాళ్లున్న నల్లనేల మీద మూడంగుళాల ఇసుక పడిందనుకుందాం. తొమ్మిదంగుళాల లోతు దున్ని బాగా కలిపితే ఆ పొరలో బంకమన్ను 27 పాళ్ల దగ్గర నిలుస్తుంది. అది చక్కని సాగునేలే. గట్టి రేగడికి కొంత గుల్లదనం కూడా వస్తుంది. అదే మూడంగుళాల ఇసుక బంకమన్ను 12 పాళ్లే ఉన్న చెల్క మీద పడితే దున్నిన తరువాత మిగిలేది 8 పాళ్లు. ఆ చేను నీటిని నిలుపలేదు. నల్లనేల మీదే ఆరంగుళాల ఇసుక పడితే 13 పాళ్లకు దిగుతుంది. అడుగు పడితే నాగలి కర్రు పాతనేలను తాకనే తాకదు. మేట మందం, మేట స్వభావం, దాని కింద ఉన్న నేల స్వభావం అనే మూడింటినీ కలిపి చూస్తేనే తీర్పు వస్తుంది. మందం ఒక్కటే చూసి డబ్బిచ్చే నియమం, పోషకాలు మాత్రమే చూసి ఎరువు చెప్పే కార్డు రెండూ ఈ తీర్పు ఇవ్వలేవు.

చేయదగినవి

మొదటిది, వరద తీసిన మూడు వారాల్లో ప్రతి ముంపు గ్రామానికీ మేట నమోదు జరగాలి. ప్రతి చేనులో నాలుగైదు చోట్ల పారతోనో ఆగర్‌తోనో తవ్వి, మేట ఎన్ని అంగుళాలు, అది ఇసుకా, ఒండ్రా, బంకా, కింద ఏ నేల ఉంది అని వ్రాసుకుంటే చాలు. తడిమట్టిని వేళ్ల మధ్య నలిపి, పట్టీలాగా సాగదీసి దాని స్వభావం చెప్పడం మనం మొదటి సంవత్సరం విద్యార్థులకు నేర్పేదే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. వరంగల్ వ్యవసాయ కళాశాల విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ అనుభవం కోసం ఊళ్లకు వెళుతున్నారు. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరలోనే ఉన్నాయి. మనుషులున్నారు, పని అప్పగించడమే మిగిలింది.

రెండవది, సలహా వర్గాలవారీగా ఉండాలి. అమెరికాలో 1993 వరదల తరువాత మిసిసిపీ, మిస్సోరి తీరాల రైతులకు ఇసుక లోతును బట్టి సలహా ఇచ్చారు. పలుచని పొరను మామూలు దుక్కిలో కలపడం, మధ్యస్థమైన దానిని పరచి లోతు దుక్కి చేయడం, రెండడుగులు మించినదానిని తొలగించడమో వేరు వినియోగానికి వదలడమో అన్నది వారి క్రమం. మన చిన్న కమతాలకూ, మన ట్రాక్టర్ల దుక్కి లోతుకూ ఆ హద్దులు యథాతథంగా పనికిరావు. ఇక్కడి హద్దులను ఇక్కడి ప్రయోగాలే నిర్ణయించాలి. నల్లనేల మీద, చెల్క మీద, దుబ్బ మీద వేర్వేరు మందాల ఇసుకతో మూడేళ్ల ప్రయోగం పెడితే ఉమ్మడి జిల్లా అంతటికీ పనికివచ్చే పట్టిక చేతికి వస్తుంది. అంతవరకు కూడా కొన్ని సంగతులు నిస్సంకోచంగా చెప్పవచ్చు. పలుచని ఒండ్రు మేటను తీయవద్దు. అట్టకట్టకుండా తగిన పదునులో దున్నితే చాలు. దున్ని కలిపిన ఇసుకనేలలో జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నాలి. చెరువు పూడికమట్టిని ఎర్రనేలలకు తోలుకోవడం తెలంగాణ రైతుకు తెలిసిన విద్యే. మిషన్ కాకతీయ ఆ అలవాటును మళ్లీ ముందుకు తెచ్చింది. ఆ మట్టిని ముందుగా ఇసుక మేటల చేలకు కేటాయించడం సబబు. నత్రజనిని చిన్న మోతాదుల్లో ఎక్కువసార్లు వేయాలి. ఇసుక లోతుగా ఉన్నచోట వరి, మిరపలకు పట్టుబట్టక పుచ్చ, దోస, వేరుశనగ వంటి పంటలను ఆలోచించాలి.

మూడవది, సహాయ నియమంలో ఇసుకనూ ఒండ్రునూ విడదీయాలి. మేట మందాన్ని బట్టి సహాయం పెరగాలి. చేనులోని ఇసుకను తీసి వాడుకోవడానికీ అమ్ముకోవడానికీ గ్రామస్థాయిలోనే, నిర్ణీత గడువులో, ఉచితంగా అనుమతి దొరకాలి. మేట నమోదులో సాగుదారుని పేరు పట్టాదారు పేరు పక్కన ఉండాలి. ఈ మార్పులు ప్రభుత్వాల చేతిలో ఉన్నవే అయినా వాటికి ఆధారం కావలసిన కొలతలు పరిశోధకుల నుంచే రావాలి. కొలత లేనిదానికి నిధి రాదు.

ఎదురయ్యే ప్రశ్నలు

ప్రతి చేను తవ్వి చూడడం సాధ్యమా అని కొందరు అడగవచ్చు. పంటనష్టం అంచనాకు సిబ్బంది ఎలాగూ చేను చేనుకూ వెళుతున్నారు. ఎండిన పైరును లెక్కపెట్టే చేతికి ఒక పార ఇవ్వడమే ఇక్కడ అడుగుతున్నది. వరదలు పదేళ్లకోసారి వచ్చేవి, వాటి కోసం ప్రత్యేక వ్యవస్థ ఎందుకు అన్నది మరొక ప్రశ్న. 2022లో గోదావరి, 2023లో మోరంచ, జంపన్న వాగులు, 2024లో ఆకేరు, మున్నేరు వరుసగా పొంగిన తరువాత ఈ ప్రశ్నకు బలం తగ్గింది.

వరద సహజంగానే నేలను బాగుచేస్తుంది, కాలానికి వదిలేయవచ్చు అన్నది మూడవ వాదన. ఇందులో కొంత సత్యం ఉంది; మళ్లీ మళ్లీ వచ్చే మెల్లని వరదలు ఇసుక మీద ఒండ్రు పరచగలవు. కానీ నదులు ఇప్పుడు మునుపటిలాగా ఒండ్రు తేవడం లేదు. శ్రీరాంసాగర్ జలాశయం నిర్మాణ సమయంలో 112 టీఎంసీల సామర్థ్యంతో మొదలై నేడు సుమారు 80 టీఎంసీల వద్ద ఉంది. ఆ తేడా పూడిక. డ్యాము లేకుంటే అందులో కొంతైనా దిగువ ఒడ్డులకు చేరవలసిన మట్టి. ఎగువ నుంచి సన్నమట్టి తగ్గి, పక్కవాగుల నుంచి ముతక ఇసుక పెరిగేచోట కాలం తనంతట తాను నేలను బాగుచేస్తుందనుకోవడం ఆశే. 2008 ఆగస్టు 18న కోసీ కరకట్ట తెగినప్పుడు బిహారులోని సుపౌల్, మధేపురా జిల్లాల చేలను ఇసుక కప్పేసింది. అక్కడి రైతులు ఆ ఇసుకతో ఏళ్ల తరబడి పెనుగులాడారు.

వరద నీటిని ఆపడం మన శాఖ పని కాదు. వరద వదిలి వెళ్లినది ఏమిటో చెప్పడం మాత్రం నిశ్చయంగా మన పనే. జూలై చివర మేట పడిన చేనుకు మిరప నాటు అదను సెప్టెంబరు దాటితే మించిపోతుంది. ఇసుకను కలపాలా, తీయాలా, పంట మార్చాలా అన్న నిర్ణయానికి రైతుకు దొరికేది నెలా నెలన్నర. ఆ వ్యవధిలో అతనికి ఎరువుల మోతాదు పట్టిక కంటే ముందుగా కావలసింది తన చేనులో ఏ పొర ఎంత ఉందో చెప్పే ఒక కాగితం. రాబోయే వానాకాలానికి ముందే ఆ కాగితపు నమూనాను తయారుచేసి, వాగుల ఒడ్డు గ్రామాల విస్తరణ అధికారులకు నేర్పే పనిని వరంగల్‌లోని వ్యవసాయ సంస్థలు చేపట్టాలి.